కదిలే మనిషికి కొలవాలి: ఇంట్లో ప్యాంటు కుట్టడంలోని విజ్ఞానం

విద్యార్థులారా! మీరు రోజూ వేసుకునే ప్యాంటును ఎప్పుడైనా తిరగేసి లోపలి కుట్లను పరిశీలించారా? నాలుగు పెద్ద ముక్కలు, ఒక నడుము పట్టీ, జేబుల బట్ట, ఒక జిప్పు, ఒక గుండీ. సరంజామా ఇంతే. కుట్టు మిషన్ తొక్కడం వచ్చినవారు దీన్ని ఇంట్లోనే కుట్టుకోవచ్చు. అయితే అది చాలాకాలం నిలవాలంటే కాస్త జ్యామితి, కాస్త భౌతికశాస్త్రం, కాస్త రసాయనశాస్త్రం కావాలి. ఆ మూడింటినీ ఈ పాఠంలో ఒక పెరటి తోటలో కూర్చుని నేర్చుకుందాం.

ఆ పెరడు ఛత్తీస్‌గఢ్‌లోని కుమ్హారిలో ఉంది. రాయపూర్ నుంచి భిలాయికి వెళ్లే దారిలో, ఖారున్ నది దాటగానే వచ్చే చిన్న పట్టణం ఇది. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉక్కు పనుల కోసం వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెరటి తోటను ఇక్కడివారు 'బారీ' అంటారు. మా బారీలో గోంగూర, కరివేపాకు పక్కనే ఛత్తీస్‌గఢ్ వారు ఇష్టంగా తినే లాల్ భాజీ, అంటే ఎర్ర తోటకూర, పెరుగుతూ ఉంటుంది.

నేను మొదటిసారి కుట్టుకున్న ప్యాంటు అద్దం ముందు చక్కగా అమరింది. మర్నాడు పొద్దున్నే అది వేసుకుని వంగ నారు నాటడానికి గొంతుక్కూర్చున్నాను. వెనక 'పర్రు'మని చప్పుడైంది. మల్లె పందిరి దగ్గర ఉన్న మా ఆవిడ తిరిగి చూసి, నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. మరి ప్యాంటు ఎందుకు పిగిలింది? ఈ ప్రశ్నే నేటి మన పాఠం.

తెగింది బట్ట కాదు, దారం

పిగిలిన చోటు చూస్తే బట్ట చెక్కుచెదరలేదు. వెనక భాగంలో రెండు ముక్కలను కలిపిన కుట్టు మాత్రం తెగిపోయింది. కారణం తెలియాలంటే బట్ట నిర్మాణం చూడాలి. మగ్గం మీద నిలువుగా సాగేవి పడుగు దారాలు, అడ్డంగా అల్లేవి పేక దారాలు. ఒక పాత చేతిరుమాలు తీసుకుని పడుగు దిశలో లాగండి. తర్వాత పేక దిశలో లాగండి. రెండు దిశల్లోనూ పెద్దగా సాగదు. ఇప్పుడు మూల నుంచి మూలకు లాగండి. ఎంతగా సాగిందో చూశారా? ఇక్కడ దారాలు సాగలేదు. వాటి మధ్యనున్న చిన్న చిన్న చతురస్రాలు ఒరిగి, సమచతుర్భుజాలుగా మారాయి. దర్జీలు ఈ ఏటవాలు దిశను 'క్రాస్' అంటారు.

ప్యాంటు వెనక కుట్టు వంపుగా, చాలా భాగం క్రాస్‌లోనే నడుస్తుంది. కూర్చున్నప్పుడు బట్ట సాగుతుంది. తిన్నగా వేసిన కుట్టులోని దారం అంతగా సాగలేదు. సాగే వస్తువును సాగని వస్తువుతో బిగిస్తే భారమంతా రెండోదాని మీదే పడుతుంది. అందుకే దారం తెగింది.

నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి

నా అసలు తప్పు అంతకంటే ముందే జరిగింది. నేను కొలతలన్నీ నిలబడే తీసుకున్నాను. మీరూ ఈ పరీక్ష చేయండి. వెనక నడుము మధ్య నుంచి, పిరుదుల మీదుగా, రెండు కాళ్లూ కలిసే చోటు వరకు టేపుతో కొలవమని ఇంట్లో ఎవరినైనా అడగండి. గొంతుక్కూర్చుని మళ్లీ కొలిపించుకోండి. రెండో కొలత బాగా పెరుగుతుంది. కూర్చున్నప్పుడు చర్మం ఆ మేరకు సాగుతుంది, ప్యాంటు సాగదు. కావలసిన ఆ అదనపు పొడవు నడుము పట్టీ వెనక కిందికి జారడం వల్ల కొంత, కాళ్ల అంచులు పైకి లేవడం వల్ల కొంత, క్రాస్ సాగడం వల్ల కొంత సమకూరుతుంది. మిగిలినది కత్తిరించేటప్పుడే ఇవ్వాలి. ప్యాంటు వెనక ముక్క నడుము దగ్గర ముందు ముక్క కంటే ఎత్తుగా, వాలుగా ఉండటానికి కారణం ఇదే.

ప్యాంటును కిందికి వేలాడేలా వదులుగా కుడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. కాళ్లు కలిసే చోటు మరీ కిందికి ఉంటే రెండు తొడలనూ ఒకే గొట్టంలో పెట్టినట్లవుతుంది. ఒక కాలు ఎత్తితే రెండో కాలి బట్ట కూడా లాగుతుంది. ఆ చోటు శరీరానికి దగ్గరగా ఉంటేనే ప్రతి కాలూ స్వేచ్ఛగా కదులుతుంది.

చదునైన బట్ట, గుండ్రని శరీరం

బంతికి కాగితం చుట్టి చూడండి. ఎక్కడో ఒకచోట ముడతలు పడక తప్పవు. కాగితాన్ని ముడతలు లేకుండా గొట్టంలా చుట్టగలం కానీ బంతిలా చుట్టలేం. కాళ్లు దాదాపు గొట్టాలే కాబట్టి అక్కడ చిక్కు లేదు. పిరుదులు గుండ్రంగా ఉంటాయి. అందుకే నడుము దగ్గర అదనపు బట్టను కోణాకారంగా మడిచి కుట్టాలి. దీన్నే డార్ట్ అంటారు. ఒక నడుము, రెండు కాళ్లు, అంటే మూడు అంచులున్న ఇలాంటి ఉపరితలాన్ని గణితంలోని టోపాలజీ శాఖలో 'ప్యాంటు జత' అనే పిలుస్తారు.

కత్తెర కంటే ముందు నీళ్లు

58 అంగుళాల పన్నా ఉన్న నూలు డ్రిల్ బట్ట పెద్దవారి ప్యాంటుకు సాధారణంగా 1.30 మీటర్లు సరిపోతుంది. దాన్ని తెచ్చిన వెంటనే కత్తిరించకండి. మగ్గం మీద పడుగు దారాలు బిగుతుగా లాగి ఉంటాయి. బట్టను తడిపితే నూలు పీచులోకి నీళ్లు చేరి అది ఉబ్బుతుంది. లావైన దారాల పైనుంచి, కిందినుంచి వంగి వెళ్లాలంటే పడుగు దారానికి ఎక్కువ పొడవు కావాలి. ఆ మేరకు బట్ట పొట్టిదవుతుంది. నూటికి 3 వంతులు తగ్గిందనుకుందాం. 100 సెంటీమీటర్ల ప్యాంటు 97 అవుతుంది. చీలమండ బయటపడటానికి ఆ తేడా చాలు. అందుకే ముందు రాత్రి బట్టను నానబెట్టి, పొద్దున బంతి మొక్కల పక్కనున్న తీగ మీద ఆరవేయాలి. అది ఆరేలోగా మొక్కలకు నీళ్లు పెట్టడం అయిపోతుంది.

ఆరిన బట్టను ఇస్త్రీ చేసి, పడుగు దారాలు కాలి పొడవున తిన్నగా వచ్చేలా ముక్కలు గీయండి. పడుగు పక్కకు ఒరిగితే ఉతికిన కొద్దీ కాలు మెలితిరుగుతుంది.

కుట్టు రహస్యం

మిషన్ కుట్టులో పైదారం, బాబిన్ దారం బట్ట మందం మధ్యలో ఒకదానినొకటి పెనవేసుకుంటాయి. మొన దగ్గర కన్ను ఉన్న సూదితో ఇలాంటి కుట్టు వేసే యంత్రానికి అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంట్ పొందాడు. పైదారం మరీ బిగిస్తే ముడి పైకి వస్తుంది, కుట్టు పెళుసవుతుంది. కుట్టు చిన్నదైతే ఒక్కో సెంటీమీటరులో ఎక్కువ దారం ఇముడుతుంది కాబట్టి కుట్టు కొంత సాగగలదు. అందుకే వెనక కుట్టును చిన్న కుట్లతో, బట్టను కొద్దిగా సాగదీస్తూ, రెండు వరుసలు వేయాలి.

జేబు మూలలది మరో సమస్య. చెయ్యి పెట్టినప్పుడల్లా బలమంతా ఆ ఒక్క బిందువు మీదే పడుతుంది. అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ అక్కడ రాగి రివెట్లు బిగించాడు. 1873లో లెవీ స్ట్రాస్ కంపెనీతో కలిసి దానికి పేటెంట్ తీసుకున్నాడు. మనకు రివెట్లు అక్కరలేదు, మూల దగ్గర దగ్గరదగ్గరగా నాలుగైదు అడ్డకుట్లు వేస్తే చాలు.

పని వరుస ఇది: ముందు జేబులు, జిప్పు, తర్వాత పక్క కుట్లు, కాళ్ల లోపలి కుట్లు, ఆపైన నడుము పట్టీని కుడి, ఎడమ సగాలుగా విడివిడిగా కుట్టాలి. వెనక కుట్టు చివరికి ఉంచి, నడుము దగ్గర 3 సెంటీమీటర్ల బట్ట లోపల వదలాలి. రేపు మీరు కాస్త లావైతే ఆ ఒక్క కుట్టు విప్పితే సరిపోతుంది. కాళ్ల అంచులు మాత్రం మిషన్ మీద కాకుండా, జామచెట్టు కింద కుర్చీ వేసుకుని చేత్తో కుట్టండి. శీతాకాలపు ఎండలో, చిలకలు కొరికి పడేసిన జామకాయల మధ్య చేసే ఆ పనికి తొందరపడాల్సింది ఏమీ ఉండదు.

తోటలో పరీక్ష

నా రెండో ప్యాంటును నేను అద్దం ముందు పరీక్షించలేదు. వేసుకుని నేరుగా పెరట్లోకి వెళ్లాను. గొంతుక్కూర్చుని తోటకూర మడిలో కలుపు తీశాను. వంగి పుదీనా కోశాను. స్టూలెక్కి కరివేపాకు తెంపాను. ఏ కుట్టూ పిగలలేదు. మా ఆవిడ ఈసారి నవ్వలేదు కానీ, తన తోటపనికీ ఒకటి కుట్టమంది. ఆమె కొలతలు నిలబడి ఒకసారి, గొంతుక్కూర్చుని ఒకసారి తీసుకున్నాను.

మీరే చేసి చూడండి

1. 20 సెంటీమీటర్ల నూలు బట్ట ముక్కను రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి, పడుగు దిశలోనూ పేక దిశలోనూ కొలవండి. ఏ దిశలో ఎక్కువ తగ్గింది? ఎందుకు?

2. ఒకే బట్టపై క్రాస్‌లో ఒక పెద్ద కుట్టు వరుస, ఒక చిన్న కుట్టు వరుస వేసి లాగండి. ఏ దారం ముందు తెగింది?

3. మీ ఇంట్లో పిగిలిన పాత ప్యాంటు తీసుకుని, తెగింది బట్టా, దారమా అని పరిశీలించండి. తర్వాత దాన్ని మీరే కుట్టండి.