అయిదు కాండాలు... ఒక్కటే కుండీ!

పిట్ట రెట్టలో వచ్చిన గింజ. పాత గోడ పగుల్లో పడి మొలిచింది. ఏటా సున్నాలేసేటప్పుడు ఎవరో ఒకరు కొడవలితో నరికేస్తారు. మళ్లీ వానలు పడేసరికి నరికిన చోట మూడో నాలుగో కొమ్మలు లేస్తాయి. అలా పదేళ్లు నరికించుకుంటూ బతికిన మర్రిని, గోడ బాగుచేసే రోజున గడ్డపారతో పెకలిస్తే చేతికొచ్చేది ఏమిటి? ఒకే మొదలు, దానిమీద అయిదు కాండాలు ఉన్న ముసలి బుజ్జి చెట్టు! చాలామంది దాన్ని పెంటకుప్ప మీద పారేస్తారు. బోన్సాయ్ పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం తడి గోనెలో చుట్టి ఇంటికి పట్టుకుపోతారు.

నిజామాబాద్ జిల్లా సిరికొండ, ఆర్మూర్ వైపు ఊళ్లలో పసుపు తవ్వినవాళ్లకు ఈ ఆకారం కొత్తేం కాదు. తల్లి దుంప ఒకటే, దాన్నుంచి లేచే పిలకలు నాలుగైదు. బోన్సాయ్‌లో ‘గుబురు’ పద్ధతి అంటే అదే. జపాన్‌వాళ్లు దీన్ని కబుదాచి అంటారు. రెండు కాండాలుంటే సోకన్, మూడుంటే సాంకన్. విడివిడి మొక్కలను ఒక పళ్లెంలో నాటి అడవిలా చూపించేది వేరే పద్ధతి. దానిపేరు యోసె-ఉఎ. గుబురులో వేరు ఒక్కటే కాబట్టి ఏ కాండాన్నీ తీసి పక్కకు జరపలేం. ఉన్న చెట్టును ఉన్నట్టుగానే ఏ వాలులో నాటాలి, ఏ కుండీలో కూర్చోబెట్టాలి అన్నదే అసలు లెక్క. మర్రికి మళ్లీ కుండీ మార్చేది రెండు మూడేళ్లకోసారి. ఈసారి తప్పితే అన్నాళ్లూ ఆ తప్పునే చూస్తూ నీళ్లు పోయాలి.

ముఖం ఎటు?

ముందు మొదలు దగ్గర మట్టిని కర్రపుల్లతో నెమ్మదిగా తీసేయాలి. వేళ్లు ఏ వైపు బాగా పరుచుకున్నాయో అప్పుడు కనిపిస్తుంది. తర్వాత చెట్టును ఇసుక తట్టలో నిలబెట్టి, కళ్ల ఎత్తుకు వచ్చే బల్లమీద పెట్టి, చుట్టూ తిరిగి చూడాలి. పైనుంచి కిందికి చూస్తే అన్ని చెట్లూ బాగానే ఉంటాయి! సెల్‌ఫోన్ ఉన్న రోజులు కాబట్టి నాలుగు దిక్కులా ఫొటోలు తీసుకుంటే ఇంకా మంచిది. కంటికి కనపడని లోపం ఫొటోలో దొరికిపోతుంది.

చూడాల్సినవి ఏమిటంటారా? అన్నిటికన్నా లావుగా, ఎత్తుగా ఉన్న కాండం పెద్దదిక్కు. అది ముందు నుంచి స్పష్టంగా కనపడాలి. ఏ కాండమూ మరోదాని వెనక పూర్తిగా దాక్కోకూడదు. ఏ రెండూ ఒకే ఎత్తులో ఉండకూడదు. మధ్య సందులు సమానంగా ఉంటే కంచె పాతినట్టు ఉంటుంది. కాండాల సంఖ్య బేసిగా ఉండాలని పుస్తకాలు చెబుతాయి. నాలుగున్న చెట్టుకు ఈ నియమం కోసం ఒకటి నరకడం మాత్రం తొందరపాటే. పక్కదాన్ని పొట్టిగా కత్తిరించినా చాలాసార్లు చూపు సరిపోతుంది. నరికింది మళ్లీ అతకదు కదా.

ఒకటి వంచితే అయిదూ వంగుతాయి

ఒంటి కాండం చెట్టు పని తేలిక. కాస్త కుడికో ఎడమకో వాల్చి, నచ్చిన చోట ఆపేయొచ్చు. గుబురుతో అలా కుదరదు. పెద్దదాన్ని సరిచేద్దామని పది డిగ్రీలు వాలిస్తే మిగతా నాలుగూ దాంతోపాటే వాలిపోతాయి. ఒకటి నేలమీద పడుకుంటుంది, ఇంకోటి నిట్టనిలువుగా లేస్తుంది.

గోడలో పుట్టిన మర్రితో చిక్కు ఇంకాస్త ఎక్కువ. దాని వేళ్లు పగులు వెంట అప్పడంలా ఒకే వైపు పరుచుకుని ఉంటాయి. కాండాలేమో గోడలోంచి అడ్డంగా బయటికొచ్చి, వెలుతురు కోసం పైకి తిరుగుతాయి. వేళ్లను చదునుగా కూర్చోబెడితే కాండాలన్నీ ఒక పక్కకు ఒరుగుతాయి. కాండాలను నిలబెడితే సగం వేళ్లు గాల్లోకి లేస్తాయి. ఎక్కువమంది చేసే పని రెండోది. చెట్టంటే నిటారుగా ఉండాలన్న అలవాటు! నిజానికి ఒరిగిన గుబురుకు ఉన్న అందం వేరు. వాగు ఒడ్డున నీళ్లవైపు వంగిన చెట్లను చూడండి. అన్నీ ఒకేవైపు ఒరుగుతాయి, కొసలు మాత్రం పైకి చూస్తాయి. ఆ తీరు తీసుకుంటే చాలు.

మొదలు కింద చిన్న ఇటుక ముక్కో చెక్క ముక్కో పెట్టి కొంచెం కొంచెంగా ఎత్తుతూ చూడాలి. పెద్ద కాండం బాగా కుదిరిన దగ్గర ఆపి, మిగిలినవాటిని అల్యూమినియం తీగ చుట్టి సర్దుకోవాలి. మర్రి లేత కొమ్మలు తీగకు బాగానే లొంగుతాయి. కాకపోతే వానాకాలంలో గబగబా లావెక్కుతాయి. వారానికోసారి చూడకపోతే తీగ బెరడులో దిగి, ఆ మచ్చ ఏళ్లపాటు పోదు. వేళ్లు లేని వైపు దిగులు అక్కర్లేదు. బెరడు మీద చిన్న గాటు పెట్టి తడి నాచు కప్పి ఉంచితే మర్రి జాతి చెట్లు అక్కడా వేళ్లు వేస్తాయి. చింతకు ఈ గుణం ఇంతగా లేదు. చింతను వాల్చేటప్పుడు జాగ్రత్త!

లోతు లేని పళ్లెం... మండే ఎండ

కుండీకి పాత లెక్క ఒకటుంది. చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు కుండీ పొడవు ఉండాలి. చెట్టు 60 సెంటీమీటర్లు ఉంటే కుండీ 40 సెంటీమీటర్లు. ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువైతే వెడల్పునే లెక్కలోకి తీసుకోవాలి. లోతు కాండం లావు ఎంతో అంత. గుబురుకు అయిదు కాండాల లావునూ కూడకూడదు, పెద్దదాని లావు ఒక్కటే చాలు. అందుకే ఇలాంటి చెట్లను వెడల్పాటి, లోతులేని కోడిగుడ్డు ఆకారపు పళ్లేల్లో పెడతారు. లోతైన గుండ్రటి కుండీలో పెడితే పూలగుత్తిని గ్లాసులో పెట్టినట్టు ఉంటుంది.

జపాన్‌లో కుదిరే ఆ లెక్క తెలంగాణ ఎండలో అలాగే కుదరదు. ఆరు సెంటీమీటర్ల లోతున్న పళ్లెం మే నెల మధ్యాహ్నానికి ఎండి గలగలలాడుతుంది. పుస్తకం చెప్పిన లోతుకు రెండు మూడు సెంటీమీటర్లు కలుపుకుంటే చూపుకు వచ్చే లోటు స్వల్పం, చెట్టుకు మాత్రం ప్రాణం. అప్పటికీ వేసవిలో రెండు పూటలా నీళ్లు, మధ్యాహ్నం నీడ తప్పవు. అడుగున కనీసం రెండు రంధ్రాలు, కింద కాళ్లు ఉండాలి. లేకపోతే వానాకాలంలో వేళ్లు కుళ్లుతాయి.

మర్రి, రావి, జువ్విలకు మెరుపు లేని మట్టిరంగు కుండీ నప్పుతుంది. కాగితంపూల చెట్టుకైతే నీలం మెరుగు కుండీ పెట్టినా ముచ్చటగానే ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా పింగాణీ కుండీలు కొంటారు కొందరు. సిమెంటుతో ఇంట్లోనే పోసుకునేవాళ్లూ ఉన్నారు. అవేవీ వద్దనుకుంటే ఇంటి ముందు పరిచే షాబాద్ బండ ముక్క ఉండనే ఉంది! దానిమీద బంకమట్టితో చిన్న గట్టు కట్టి నాటితే చెట్టు రాతినేల మీద మొలిచినట్టే ఉంటుంది.

నాటే చోటు కుండీకి నడిమధ్యన కాదు. పొడవులో మూడో వంతు దగ్గర, నడిమి గీతకు కాస్త వెనగ్గా. చెట్టు కుడికి ఒరిగితే మొదలు ఎడమవైపు ఉండాలి. ఒరిగిన వైపు ఖాళీ వదిలితేనే ఆ ఒరుగుకు అర్థం.

పిల్లలమర్రి చెప్పేది

ఈ విద్య పుట్టిల్లు చైనా. క్రీ.శ. 706 నాటి టాంగ్ రాజకుమారుడి సమాధి గోడమీద పళ్లెంలో చిన్న చెట్లను మోస్తున్న పరిచారకుల బొమ్మ ఉంది. గుబురు మర్రికి నమూనా కోసం మాత్రం తెలుగువాళ్లు అంతదూరం వెళ్లక్కర్లేదు. కదిరి దగ్గర దాదాపు అయిదెకరాల్లో పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టది. మహబూబ్‌నగర్ దగ్గర ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే పిల్లలమర్రి ఉంది. రెండింటిలోనూ అసలు మాను ఏదో, ఊడ ఏదో చెప్పడం కష్టం.

చెదలు తిని కొమ్మలు కూలడంతో 2017 డిసెంబరులో పిల్లలమర్రికి సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించారు. బరువు మోయడానికి దిమ్మెలు కట్టారు, వేలాడే ఊడలు చక్కగా దిగేందుకు గొట్టాలు తొడిగారు. బోన్సాయ్ పెంచేవాళ్ల చిట్కా కూడా సరిగ్గా ఇదే. గొట్టం బదులు కూల్‌డ్రింకు స్ట్రా! దాన్ని నిలువునా చీల్చి, లేత ఊడకు తొడిగి, లోపల తడి నాచు కూరి మట్టిలోకి దించుతారు. ఊడ నేల తాకి లావెక్కితే అదే ఆరో కాండం. నాటే రోజున ఆ ఊడ ఎక్కడ దిగుతుందో ఊహించి అక్కడ జాగా వదిలిపెట్టుకోవాలి.

ఒక్క ఇబ్బంది ఉంది. మర్రి ఆకు పెద్దది. అడుగు ఎత్తు చెట్టుకు అది గొడుగు పట్టినట్టుంటుంది. రెండడుగులకు తగ్గకుండా పెంచితేనే అందం. చిన్న చెట్టు కావాలంటే ఆకు చిన్నదైన ఫైకస్ రకాలు ఎంచుకోవడం మేలు.

పసుపు ఉడకబెట్టి, ఎండబోసి, మార్కెట్‌కు తోలేసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే వేళకు తొలకరి వస్తుంది. మర్రిని నాటడానికీ అదే అదను. ఎర్రమట్టి, ముతక ఇసుక, ఇటుక చూర, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, రంధ్రాల్లోంచి తీగ తెచ్చి మొదలును కుండీకి కదలకుండా కట్టాలి. వాలుగా నాటిన చెట్టు గాలికి ఊగితే కొత్త వేళ్లు తెగిపోతాయి. మూడు నాలుగు వారాలు నీడన ఉంచి, కొత్త చిగురు కనపడ్డాక మెల్లగా ఎండకు మార్చాలి. ఎరువు అప్పటిదాకా వేయొద్దు.