అనుమానం వస్తే ఏం చేయాలి?

అక్కలారా, శెనక్కాయలు అమ్మేటప్పుడు తూకం మీద అనుమానం వస్తే ఏం చేస్తాం? మళ్లా తూయమంటాం. తూయకముందే దొంగ అనము. మనుషుల మీద అనుమానం వచ్చినా అంతే. ఆటల్లో జరిగిన రెండు సంగతులు చూడండి.

అగసర నందిని తెలంగాణ అమ్మాయి. నాన్న టీ అమ్మి ఇల్లు నడిపాడు. నందిని ప్రభుత్వ గురుకులంలో చదివింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు జరిగాయి. అక్కడ హెప్టాథ్లాన్ పోటీలో దిగింది. అంటే ఏడు ఆటల పోటీ. పరుగులు తీయాలి. దూకాలి. గుండు, ఈటె విసరాలి. అన్ని ఆటల మార్కులూ కూడతారు. నందినికి 5712 వచ్చాయి. మూడో స్థానం, కంచు పతకం గెలిచింది.

మన దేశం అమ్మాయే స్వప్నా బర్మన్‌కు 5708 వచ్చాయి. నాలుగే మార్కుల తేడా! 2018లో ఇదే పోటీలో స్వప్న బంగారు పతకం గెలిచింది. కొద్ది కాలంలోనే నందిని ఇంత ముందుకు ఎట్లా వచ్చిందని ఆమెకు అనుమానం కలిగింది. ఒక ట్రాన్స్‌జెండర్ వల్ల తన పతకం పోయిందని ఫోన్లలో అందరూ చూసేలా రాసింది. రుజువు చూపలేదు. రుజువు ఏదని నందిని అడిగింది. తరువాత స్వప్న ఆ రాత తీసేసింది. క్షమించమని కోరింది. పతకం నందినిదే. కానీ అప్పటికే ఆ మాట దేశమంతా తిరిగింది. సంతోషపడాల్సిన రోజున ఒక ఆడపిల్ల తన ఒంటి గురించి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

అట్లని అనుమానపడడమే తప్పా? కాదు. ఫ్రాన్స్ దేశంలో ఏటా పెద్ద సైకిల్ పందెం జరుగుతుంది. మూడు వారాలు తొక్కాలి. అమెరికాకు చెందిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 వరకు వరుసగా ఏడుసార్లు గెలిచాడు. బలం కోసం మందులు వాడుతున్నాడని కొందరన్నారు. అతను కాదన్నాడు. అన్నవాళ్ల మీద కేసులు కూడా వేశాడు. 2012లో విచారణ ముగిసింది. అతనితో కలిసి తొక్కినవాళ్లే సాక్ష్యం చెప్పారు. ఏడు గెలుపులూ కొట్టేశారు. 2013లో తప్పు తనే ఒప్పుకున్నాడు.

తేడా చూశారా? ఒకచోట సాక్ష్యం ఉంది. ఇంకోచోట ఉత్త మాటే ఉంది.

ఆటల్లో మందుల పరీక్షకు ఒక పద్ధతి ఉంది. ఆటగాళ్ల మూత్రం తీసుకుని రెండు సీసాల్లో పోస్తారు. ముద్ర వేస్తారు. మొదటి సీసాలో మందు ఉన్నట్టు తేలితే, రెండోది కూడా పరీక్షించమని ఆటగాడు అడగవచ్చు. ఇది మన మళ్లా తూయడం లాంటిదే. తప్పు చేసినవాళ్లు దొరుకుతారు. చేయనివాళ్లకు రక్షణ దొరుకుతుంది.

పొదుపు సంఘం లెక్క మీద మీకు అనుమానం వచ్చిందా? కొళాయి కాడ గుసగుసలు వద్దు. మీటింగులో అడగండి. పుస్తకం తెప్పించండి. అంకెలు మీరే కూడి చూడండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా!