పరీక్ష ఇద్దరికీ

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పెళ్లయి ఏడాది తిరక్కముందే "ఏమన్నా విశేషమా?" అని అడుగుతారు. అడిగేది కోడలినే. కొడుకును అడిగేవారు అరుదు.

గర్భనిరోధకాలేవీ వాడకుండా, కలిసి కాపురం చేస్తూ 12 నెలలు గడిచినా గర్భం రాకపోతేనే వైద్యులు సంతానలేమి అంటారు. భార్య వయసు 35 దాటితే 6 నెలలకే చూపించుకోమంటారు. ఇందులో 'కలిసి' అన్నదే అసలు షరతు. మిరప కోతలకు గుంటూరు వైపు, కూలిపనులకు బెంగళూరుకు వలసపోయే ఊళ్లు ఇవి. ఆయన అక్కడ, ఆమె ఇక్కడ అయితే క్యాలెండరు ఏడాది తిరిగినా కాపురం మూడు నాలుగు నెలలే. పైగా నెలలో గర్భం నిలిచే వీలున్నవి సుమారు 6 రోజులు. డాక్టరుకు ముందు చెప్పాల్సింది ఈ లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం పెద్దవాళ్లలో 17.5 శాతం మంది, అంటే ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమితో ఇబ్బంది పడుతున్నారు. ఇలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్యపరీక్షకు కోత లేదు, సూది లేదు. 2 నుంచి 7 రోజులు ఎడంగా ఉండి నమూనా ఇస్తే చాలు. మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కనీస ప్రమాణం. తక్కువ వచ్చినా ఒక్క రిపోర్టుతో తేల్చరు, మళ్లీ చేయిస్తారు. ఆమెకు ట్యూబుల పరీక్ష రాయించే ముందే ఆయన వీర్యపరీక్ష అయిపోవాలి. ఉరుకుంద ఈరన్నకు మొక్కడానికి ఇద్దరూ పోతారు; ఆదోనికి దాదాపు 100 కిలోమీటర్ల అవతలి కర్నూలు పెద్దాసుపత్రికి మాత్రం చాలా ఇళ్లలో ఆమె, తోడుగా వాళ్లమ్మ!

ఇక మాటల సంగతి. పిల్లలు లేరని ఎగతాళి చేయడం, అవమానించడం 2005 గృహహింస చట్టంలో హింస కిందే రాసి ఉంది. ఈ విషయం చాలామంది అత్తింటివారికే కాదు, పుట్టింటివారికీ తెలియదు. సాయానికి మహిళా హెల్ప్‌లైన్ 181. "ఇంకో పెళ్లి చేస్తాం" అన్న బెదిరింపుకూ జవాబుంది: హిందూ వివాహ చట్టం వర్తించే ఇంట్లో భార్య ఉండగా విడాకులు లేకుండా రెండో పెళ్లి చేసుకుంటే 7 ఏళ్ల దాకా జైలు.

ఐవీఎఫ్ దాకా వెళ్తే ఇలాంటి చికిత్సలపై వచ్చిన 2021 చట్టం ప్రకారం ఆమెకు 21–50, ఆయనకు 21–55 ఏళ్లు ఉండాలి. ఫలించే అవకాశం ఎంత, ఖర్చెంత, దుష్ప్రభావాలేమిటో ముందే కూర్చోబెట్టి చెప్పడం క్లినిక్ బాధ్యత. భూమి కుదువ పెట్టకముందే అడగండి. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని రాత్రి 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రంలో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ అడగరు.