అరకులో ఇల్లు కొనొచ్చా? ఏజెన్సీ భూముల చట్టం ఏం చెబుతోంది?

చలికాలం వచ్చిందంటే లంబసింగి మంచు, అరకు వలిసె పూలు ఫోన్ల నిండా కనిపిస్తాయి. వాటితో పాటే ఇంకో రకం వీడియోలూ తిరుగుతుంటాయి. ‘అరకు రోడ్డుకు ఆనుకుని సైట్లు’, ‘రిటైరయ్యాక ప్రశాంతంగా ఉండటానికి కొండ మీద ఇల్లు’ అంటూ ప్రకటనలు. ధర విశాఖ శివార్ల కంటే తక్కువ. అడ్వాన్సు ఇస్తే చాలు, కాగితాల సంగతి మేం చూసుకుంటామని భరోసా.

డబ్బు చేతులు మారే ముందు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. అరకు, పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులు భూమి గానీ, ఇల్లు గానీ కొనడానికి వీల్లేదు. కొన్నా ఆ కొనుగోలు చట్టం ముందు చెల్లదు.

చట్టం ఏమంటోంది?

దీన్ని అందరూ ‘1/70 చట్టం’ అంటారు. అసలు చట్టం 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధన. తెలంగాణ ప్రాంతానికి దీన్ని 1963లో విస్తరించారు. 1970లో చేసిన సవరణ ఆ ఏడాది ఒకటో నంబరు నిబంధన కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అది 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది.

దాని సారాంశం ఇది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని స్థిరాస్తిని అమ్మేది గిరిజనుడైనా, గిరిజనేతరుడైనా... కొనేది మాత్రం గిరిజనుడో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో అయి ఉండాలి. కాకపోతే ఆ లావాదేవీ మొదటి నుంచీ లేనట్టే లెక్క.

ఇంకో నిబంధన కూడా ముఖ్యం. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఆస్తి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ స్వాధీనంలో ఉన్నవారిదే.

1970 సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పింది. 1997లో సమత కేసులో మరో అడుగు ముందుకేసి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చిన గనుల లీజులు కూడా చెల్లవని చెప్పింది. ప్రభుత్వానికే వర్తించిన నిషేధం మధ్యవర్తి చూపించే కాగితంతో తొలగిపోదు.

కొండ ఉన్న ప్రతి ఊరికీ వర్తిస్తుందా?

లేదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఈ చట్టం కొండను బట్టి కాదు, రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద నోటిఫై చేసిన గ్రామాలను బట్టి వర్తిస్తుంది. విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే అనంతగిరి మండలం వస్తుంది. అక్కడ ఈ చట్టం ఉంటుంది. గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం, ఏటూరునాగారం వంటి చోట్ల కొండ ఎక్కకపోయినా ఇదే చట్టం. మరోవైపు, గిరిజనులు నివసిస్తున్నా నోటిఫై కాని పల్లెలు చాలా ఉన్నాయి. అక్కడ ఇది వర్తించదు.

అందుకే ‘ఇది ఏజెన్సీ కాదండీ’ అన్న మాట విని ఊరుకోకూడదు. రెవెన్యూ గ్రామం పేరు రాసుకుని, అది షెడ్యూల్డ్ గ్రామాల జాబితాలో ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో గానీ, ఐటీడీఏలో గానీ అడగాలి.

‘దారి ఉంది’ అంటారు... నిజంగా ఉందా?

సాధారణంగా వినిపించే మాటలు, వాటి వెనుక ఉన్న అసలు సంగతి ఇవీ.

‘అమ్మేవాడు గిరిజనేతరుడే, మీకు ఇబ్బంది లేదు.’ ఇబ్బంది ఉంది. 1970కి ముందు నుంచి సక్రమమైన పత్రాలతో ఏజెన్సీలో ఉంటున్న గిరిజనేతర కుటుంబాలు ఉన్నాయి. వారి ఆస్తి వారసులకు సంక్రమించవచ్చు, పంపకాలూ చేసుకోవచ్చు. అమ్మాలంటే మాత్రం గిరిజనులకే అమ్మాలి. వాళ్లు చెప్పిన షరతులకు గిరిజనులెవరూ ముందుకు రాకపోతే ప్రభుత్వాన్ని తీసుకోమని దరఖాస్తు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. ఇంకో గిరిజనేతరుడికి అమ్మే వీలు లేదు.

‘కొనొద్దు, 99 ఏళ్లకు లీజు రాయించుకోండి.’ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తనఖా, దానం, మార్పిడి, వీటి కోసం చేసుకునే ఒప్పందాలు అన్నీ అందులోకే వస్తాయి.

‘తెలిసిన గిరిజనుడి పేరున పెడదాం, ఇల్లు మీరే వాడుకోండి.’ ఇది బినామీ. గిరిజనేతరుడి ప్రయోజనం కోసం గిరిజనుడి పేరున జరిగే కొనుగోలు కూడా నిషిద్ధ బదలాయింపేనని చట్టం విడిగా పేర్కొంది.

‘నోటరీ చేయిస్తాం, జీపీఏ ఇస్తాం.’ నోటరీ అంటే సంతకం ఫలానా వ్యక్తి పెట్టాడని ధ్రువీకరించడమే, హక్కు ఇవ్వడం కాదు. అమ్మకపు ఒప్పందం, జీపీఏలతో ఎక్కడా యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. ఏజెన్సీలో రిజిస్ట్రేషన్ చేయాలంటే కొనేవారు గిరిజనులేనన్న డిక్లరేషన్ ఉండాలి. మీకు రిజిస్ట్రేషన్ కాకుండా ‘స్టాంపు పేపరు చాలు’ అంటున్నారంటే కారణం అదే.

‘కరెంటు మీటరు మీ పేరున వస్తుంది, ఇంటి పన్నూ కట్టొచ్చు.’ ఇవి సేవలకు, పన్నులకు సంబంధించిన కాగితాలు. వీటితో ఆస్తి హక్కు రాదు.

‘గిరిజన అమ్మాయిని పెళ్లి చేసుకున్నవారు కొనొచ్చు.’ పెళ్లితో ఎస్టీ హోదా రాదు. భార్య తన పేరున తన కోసం కొనుక్కోవచ్చు, భర్త ఆమె పేరు అడ్డుపెట్టుకుని కొంటే అదీ బినామీయే.

కొన్నాక ఏం జరుగుతుంది?

గాజువాకలో ఉంటున్న ఒక విశ్రాంత ఉద్యోగి పీఎఫ్ డబ్బుతో అరకు దగ్గర అయిదు సెంట్లు ‘కొని’ ఇల్లు కట్టుకున్నాడనుకుందాం. కొన్నాళ్లకు ఆ గిరిజన కుటుంబంలోని వారసుడో, ఆ ఊరి మరో వ్యక్తో ఫిర్యాదు చేస్తారు. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా అధికారులే కేసు నమోదు చేయవచ్చు. ఇలాంటి కేసులను గిరిజన సంక్షేమ విభాగపు స్పెషల్ డిప్యూటీ కలెక్టరు విచారిస్తారు. ఏజెన్సీలో దీన్ని ఎస్‌డీసీ కోర్టు అంటారు.

ఉల్లంఘన తేలితే స్వాధీనంలో ఉన్న వ్యక్తిని ఖాళీ చేయించి, ఆస్తిని అమ్మిన గిరిజనుడికో, వారసులకో అప్పగిస్తారు. వారు తీసుకోకపోయినా, ఎక్కడున్నారో తెలియకపోయినా మరో గిరిజనుడికో, గిరిజన సహకార సంఘానికో ఇస్తారు. అక్రమంగా కొన్నవారికి జైలు శిక్ష పడే వీలునూ 1978 సవరణ కల్పించింది.

మన విశ్రాంత ఉద్యోగికి మిగిలేదేమిటి? స్థలం పోతుంది, కట్టిన ఇల్లూ పోతుంది. డబ్బు వెనక్కి అడుగుదామంటే చెల్లే ఒప్పందం చేతిలో ఉండదు. మధ్యవర్తి ఫోను ఎత్తడు.

ఎందుకింత కఠినం?

ఏజెన్సీలో భూమి చేతులు మారిన తీరే దీనికి కారణం. సంతలో ఇచ్చిన చిన్న అప్పు, దానిపై వడ్డీ, చదవలేని కాగితంపై వేలిముద్ర... ఇలా పోడు చేసుకుని బతికే కుటుంబాల భూములు షావుకార్లకు దఖలు పడుతూ వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం 1917లోనే దీనిపై ఒక చట్టం తెచ్చింది. అనుమతి ఉంటే అమ్మవచ్చన్న వెసులుబాటు అందులో ఉండటంతో అది సరిపోలేదు. 1959 నిబంధనలోనూ అలాంటి సందే మిగిలింది. 1970లో దాన్ని పూర్తిగా మూసేశారు.

నగరం నుంచి వచ్చేవారికి అయిదు సెంట్ల స్థలం సెలవులు గడిపే చోటు. అమ్ముకున్న కుటుంబానికి అది తిండి గింజలు పండే చెక్క. ఒకసారి పోతే వారు అదే ధరకు మళ్లీ కొనుక్కోలేరు.

గిరిజనులు కొనేటప్పుడు...

ఏజెన్సీలో ఉద్యోగం చేస్తూ పాడేరులోనో, అరకులోనో ఇల్లు కొనుక్కోవాలనుకునే గిరిజనులు కూడా కొన్ని చూసుకోవాలి. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా అయితే అది వారసులకు వస్తుందే తప్ప అమ్మడానికి లేదు, గిరిజనుడికైనా సరే. డి-పట్టా భూములకూ ఆంక్షలుంటాయి. అడంగల్, 1-బీ వివరాలు మీభూమి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర తెలుసుకోవాలి.

కాగితాల తర్వాత స్థలాన్ని వానాకాలంలో చూడాలి. ఊట నీరు ఎటు పారుతోంది, ఇంటి వెనుక మట్టిని నిలువుగా కోశారా, ఎండాకాలంలో నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు, రాత్రిపూట ఆసుపత్రికి వెళ్లాలంటే ఘాట్ రోడ్డులో ఎంతసేపు పడుతుంది... ఇవి పక్కింటివారిని అడిగితే తెలుస్తాయి. 2024 జులైలో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి వందల మంది చనిపోయారు. వాలు మీద ఇల్లు అంటే ముందు చూడాల్సింది ప్రకృతి దృశ్యం కాదు, నీటి దారి.

మరి మిగతావారికి కొండ మీద ఇల్లు కుదరదా?

షెడ్యూల్డ్ కాని గ్రామాల్లో కుదురుతుంది. అక్కడ కూడా అటవీ సరిహద్దు, అసైన్డ్ భూమి, 22-ఏ జాబితా చూసుకోవాల్సిందే. వేరే రాష్ట్రాల కొండల వైపు చూసేవారికీ ఆంక్షలు తప్పవు. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 నాటి చట్టం 118వ సెక్షన్ ప్రకారం వ్యవసాయదారులు కానివారు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు. ఉత్తరాఖండ్ 2025లో బయటివారి కొనుగోళ్లపై నిబంధనలు ఇంకా బిగించింది.

మంచు, కాఫీ తోటల మధ్య కొన్ని రోజులు గడపాలన్నదే కోరిక అయితే దానికి భూమి అక్కర్లేదు. పర్యాటక శాఖ వసతి గృహాలు ఉన్నాయి, గిరిజన కుటుంబాలు తమ ఇళ్లలోనే గదులు ఇస్తున్న చోట్లూ ఉన్నాయి. రోజుల లెక్కన బస చేస్తే ఆస్తి బదలాయింపు కాదు. ఆ డబ్బు కూడా నేరుగా ఆ కుటుంబానికే చేరుతుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

1. రెవెన్యూ గ్రామం పేరేమిటి, అది షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా?
2. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నా పేరున రిజిస్ట్రేషన్ అవుతుందా?
3. ఆ భూమికి ఏ రకం పట్టా ఉంది?

మొదటిదానికి ‘అవును’ అని వచ్చి, మీరు గిరిజనులు కాకపోతే మిగతా రెండూ అడగక్కర్లేదు. అప్పటికే డబ్బు ఇచ్చేసి ఉంటే ఇల్లు కట్టడం మొదలుపెట్టకండి. రసీదులు, ఫోన్ సందేశాలు భద్రపరచుకుని న్యాయవాదిని కలవండి. చెల్లదని తెలిసీ అమ్మినవారిపై మోసం ఫిర్యాదు ఇవ్వవచ్చేమో అడగండి.