ఓడ ఎక్కేముందు...

అమ్మకు మోకాళ్ళ నొప్పులు, నాన్నగారికి బి.పి. అయినా నిరుడు ముంబై నుంచి లక్షద్వీప్‌కు క్రూజ్‌లో హాయిగా వెళ్ళొచ్చాం. వెళ్ళాలనుకునే మన కుటుంబాల కోసం నాలుగు మాటలు.

గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి, ఊపు తక్కువ. పెద్ద సామాను రేవులోనే తీసుకుని ఆలస్యంగా గదికి చేరుస్తారు. అందుకే మందులు, గుర్తింపు కార్డులు చేతిసంచిలో ఉంచుకోండి. నడిసముద్రంలో ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. శాటిలైట్ రోమింగ్ ఛార్జీలు చాలా ఎక్కువ.

భద్రతా డ్రిల్‌కు తప్పక వెళ్ళండి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ప్రమాదంలో 32 మంది చనిపోయాకే, ఓడ బయలుదేరే ముందో, వెంటనేనో అది జరగాలన్న నియమం వచ్చింది.

దీవి చుట్టూ లోతు తక్కువ. ఓడ దూరంగా ఆగుతుంది, చిన్న పడవలోకి దిగాలి. సిబ్బంది చెరో చెయ్యీ పట్టుకుంటే అమ్మ దిగింది. పెద్దవాళ్ళుంటే ఈ సంగతి బుకింగ్‌కు ముందే అడగండి.