పటకారు తోక పురుగు ఇంట్లోకి ఎందుకు వస్తుంది?

తమిళనాడులో కోవిల్‌పట్టి, విరుదునగర్ పరిసరాల్లోని నాగలాపురం ప్రాంతంలో నల్లరేగడి నేల ఎండకు పగుళ్లిచ్చి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానకు ఉబ్బి మూసుకుపోతుంది కనుక, అటువంటి పగుళ్లలోనూ రాళ్ల కిందా తలదాచుకునే ఇయర్‌విగ్ అనే ఈ పటకారు తోక పురుగు కొత్త చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి చేరుతుంది. ఒంటికి ఇరువైపులా ఏదో ఒకటి తగులుతూ ఉంటేనే కదలక ఉండే గుణాన్ని స్పర్శానుసరణ అంటారు. ఆ గుణం వల్లనే అది గడప సందుల్లో, తడి గోనెల మడతల్లో, స్నానాలగది మూలల్లో నక్కి ఉంటుంది. ఎక్కువగా రాత్రివేళ తిరుగుతుంది.

ఇది చెవిలో దూరి మెదడును తొలుస్తుందన్న భయానికి ఆధారం లేదు. తోక చివరి పటకారు ఆత్మరక్షణకూ ఎరను పట్టుకోవడానికీ పనికివస్తుంది. అందులో విషం ఉండదు. తల్లి పురుగు గుడ్లను వదిలిపోకుండా, వాటికి బూజు పట్టకుండా నోటితో శుభ్రం చేస్తూ కాపలా కాయడం కీటకాల్లో అరుదైన, ఎంతో మెచ్చదగిన విషయం. పేనుబంక వంటి చీడలను తినే ఈ పురుగుల్లోనే వేరుశనగ కాయలను తొలిచి నష్టపరిచేవీ ఉన్నాయి.

ఇంట్లో మందు చల్లనవసరం లేదు. తేమను ఆరబెట్టి, సందులు పూడ్చి, కట్టెలనూ ఆకుచెత్తనూ గోడకు దూరంగా ఉంచితే దానికి ఆశ్రయం దొరకదు. అప్పటికే చేరినవి ఉంటే, రాత్రి తడిపిన కాగితపు చుట్టను మూలన ఉంచి, అందులో దూరిన పురుగులను ఉదయాన్నే దూరంగా దులిపివేయవచ్చు.