నవరసాలకూ ఒక్కటే నరం!

"ముఖంలో ఒక్క భావమూ పలకలేదు. చెక్కమొహం!" అని ఓ కుర్ర హీరో గురించి ఒకప్పుడు సమీక్షలో రాశాను. రాసి హాయిగా నిద్రపోయాను కూడా. ఆ పాపం ఊరికే పోలేదండీ! 2019లో సంక్రాంతి వెళ్లిన వారం, పొద్దున్నే పళ్లు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్లన్నీ ఎడమవైపు నుంచి చొక్కా మీదికి కారిపోయాయి. అద్దంలో చూసుకున్నాను. కుడివైపు నేనే... ఎడమవైపు ఎవరో! కనుబొమ్మ లేవదు. కన్ను మూతపడదు. నవ్వబోతే నోరు కుడిచెవి వైపు లాక్కుపోతోంది.

మా ఇంటావిడ "అయ్యో, పక్షవాతం!" అని ఏడుపు లంకించుకుంది. వెంటనే ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టరుగారు కాళ్లూ చేతులూ ఆడించమన్నారు, ఆడాయి. "తల ఎత్తకుండా పైకి చూడండి" అన్నారు. కుడివైపు నుదుట ముడతలు పడ్డాయిగానీ, ఎడమవైపు ఇస్త్రీ గుడ్డలా ఉండిపోయింది. దాంతో ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మెదడులో దెబ్బతింటే సాధారణంగా నుదురు కదులుతూనే ఉంటుందట. ఎందుకంటే నుదుటికి మెదడు రెండు భాగాల నుంచీ ఆజ్ఞలు వస్తాయి. నా నుదురు కూడా మొరాయించింది కాబట్టి జబ్బు మెదడులో కాదు, బయటికొచ్చిన నరంలో అన్నమాట. పేరు 'బెల్స్ పాల్సీ'. ఈ ముఖ నరాల సంగతి 1821లో వివరించిన సర్ చార్లెస్ బెల్ పేరు మీద వచ్చింది. (మీకెవరికైనా మూతి వంకరపోతే ఈ వ్యాసం చదివి నుదురు పరీక్షించుకుంటూ కూర్చోకండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి!)

నలభై ఏళ్లుగా "హావభావాలు అద్భుతంగా పలికించారు" అని రాస్తున్నవాణ్ణి. వాటిని పలికించేదెవరో ఆరోజే తెలిసింది. మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో ఏడోది. చెవి వెనక ఎముకలోని చిన్న రంధ్రంలోంచి బయటపడి, చెవి ముందున్న లాలాజల గ్రంథిలో దూరి, అయిదు కొమ్మలుగా చీలుతుంది.

మీ ఎడమచేతిని ఎడమచెంప మీద పెట్టండి. మణికట్టు చెవి దగ్గర, వేళ్లు ముందుకి. బొటనవేలు కణత మీదికి పోతుంది కదా, అది టెంపోరల్ కొమ్మ. కనుబొమ్మ ఎగరేసేది, నుదురు చిట్లించేది ఇదే. చూపుడువేలు జైగోమాటిక్. కన్ను మూయించేది ఇది. మధ్యవేలు బక్కల్. పై పెదవి, ముక్కుపుటాలు, బుగ్గలు దీని ఏలుబడి. ఉంగరంవేలు దవడ అంచున పోయే మార్జినల్ మాండిబ్యులర్. కింది పెదవిని కిందికి లాగుతుంది. సన్నటి కొమ్మ. దవడ కింద కత్తి పెట్టాల్సి వస్తే సర్జన్లు దీనికి భయపడి రెండువేళ్ల కిందుగా కోస్తారట. చిటికెనవేలు మెడమీదికి దిగే సర్వైకల్. కోపంతో మెడ చర్మం బిగుసుకునేది దీనివల్లే.

నిజం చెప్పాలంటే నటన అంతా దీని ఖాతాలో వెయ్యడం అన్యాయం. కనుగుడ్లు తిప్పేవి వేరే నరాలు. కనురెప్ప ఎత్తేది మూడో నరం. పళ్లు పటపట కొరికేది అయిదోది. అయినా సింహభాగం దీనిదే. కన్నీటి గ్రంథికి కబురు వెళ్లేదీ ఇందులోంచే! 2018లో వచ్చిన 'మహానటి'లో సావిత్రి ఒక్క కంటినుంచే కన్నీరు రాల్చే దృశ్యానికి హాల్లో ఈలలు వేశాం గుర్తుందా? 'మాయాబజార్' (1957)లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆవిణ్ణి మళ్లీ చూడండి. మీసం లేదు, గద లేదు. ఒక కనుబొమ్మ, ఒక పెదవి మూల, అంతే... ఎస్వీ రంగారావుగారు దిగిపోతారు!

నాట్యశాస్త్రంలో భరతముని చూపులు ముప్పయ్యారు, కనుబొమల కదలికలు ఏడు, పెదవులవి ఆరు అని లెక్కగట్టాడు. ఫ్రాన్సులో డ్యుషెన్ అనే వైద్యుడు ఓ ముసలాయన మొహానికి కరెంటు తీగలు ఆనించి, ఒక్కొక్క కండరాన్నే కదిలించి ఫోటోలు తీసి 1862లో పుస్తకం వేశాడు. ఆయన తేల్చిందేమిటంటే, పెదవులు మనం చెప్పినట్టు నవ్వుతాయి, కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం నిజంగా సంతోషం కలిగితేనే ముడుచుకుంటుంది. ప్రయత్నిస్తే దాన్నీ ముడిచేవాళ్లున్నారని తర్వాత తేలిందనుకోండి. మన నటీమణుల్ని చూస్తే డ్యుషెన్ ఆ మాట ముందే మార్చుకునేవాడేమో!

ఇంకో విచిత్రం. పుట్టేటప్పుడు పట్టకారు తగిలి సిల్వెస్టర్ స్టాలోన్‌కి ఈ నరం దెబ్బతింది. ఎడమవైపు మూతి వంకర, మాట ముద్ద. అదే మూతితో 1976లో 'రాకీ' అయ్యాడు. ఇక్కడేమో లక్షణంగా పనిచేస్తున్న నరాన్ని బొటాక్స్ సూది వేయించుకుని మూడునాలుగు నెలలు మూగబోయిస్తున్నారు. ముడతలు పోతాయి నిజమే. క్లోజప్‌లో కోపం కూడా పోతుంది!

నా సంగతికొస్తే, మూడురోజుల్లోపే మొదలెట్టాలని స్టెరాయిడ్ మాత్రలిచ్చారు. కంటికి చుక్కలు, రాత్రిళ్లు రెప్పకి ప్లాస్టరు. ఆ రోజుల్లో నాలుక ముందుభాగానికి ఓ పక్క పప్పుచారు చప్పగా ఉండేది. రుచి కబురు మోసేదీ ఈ నరమే మరి. ఎడమచెవిలో గిన్నె చప్పుడైనా బాంబులా పేలేది. చెవిలో మోత తగ్గించే బుల్లి కండరానికీ ఇదే యజమాని.

అన్నిటికన్నా బాధపెట్టింది మా మనవరాలు. మూడేళ్లది. నేను నవ్వితే జడుసుకుని వాళ్లమ్మ వెనక దాక్కుంది. ఆరువారాలు దాని ముందు నవ్వలేదు. ఒకరోజు అద్దంలో ఎడమ కనుబొమ్మ సన్నగా కదిలింది. అప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను. రెండు కళ్లతోనూ!

ఇప్పుడు తొంభైపాళ్లు నయం. తిరిగి మొలిచే నరపు పోగులు ఒక్కోసారి దారి తప్పి పక్క కండరాన్ని పట్టుకుంటాయి. అంచేత నేను గట్టిగా నవ్వితే ఎడమకన్ను దానంతటదే మూసుకుంటుంది. మొన్న పెళ్లిలో అలాగే నవ్వితే మా ఇంటావిడ చెవిలో గొణిగింది, "ఏవండీ, ఎదురుగా వియ్యపురాలున్నారు. కన్నుకొట్టకండి!"